మంచు దారిలో ఖరీదైన బండి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పిల్లలతో స్కీయింగ్‌కి కారులో బయల్దేరేవాళ్లవి ఏడు ఎంచుకున్నాం. బండ్లు వేరు, ఊళ్లు వేరు. అడిగింది మాత్రం ఇంచుమించు అందరూ ఒకటే: "ఇంత పెట్టి కొన్న బండి కదా, మంచులో అదే చూసుకోదా?"

ప్రశ్న: మాది బీఎండబ్ల్యూ ఎక్స్5, ఎక్స్‌డ్రైవ్ (వాళ్ల ఆల్ వీల్ డ్రైవ్). 21 అంగుళాల చక్రాలు. క్రిస్మస్ సెలవుల్లో ఇద్దరు పిల్లలతో లేక్ టాహో వెళ్తున్నాం. ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే టైర్లకు చుట్టే మంచు చైన్లు అక్కర్లేదని కొన్నచోట చెప్పారు. నిజమేనా? (ఫ్రీమాంట్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సగమే నిజం. నాలుగు చక్రాలూ తిరిగితే బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి బాగుంటుంది. ఆగడం దగ్గరికొస్తే మీ ఎక్స్5కీ, పక్కన పోయే పాత కరోలాకీ ఉన్నవి నాలుగేసి బ్రేకులే. మంచు మీద బండిని ఆపేది టైరు రబ్బరు. గంటకు 30 మైళ్ల వేగంలో బ్రేకు వేస్తే పొడి రోడ్డు మీద 12 మీటర్లలోపే ఆగే బండికి, అణిగిపోయిన మంచు మీద 45 మీటర్లు, అద్దంలా గడ్డకట్టిన చోట 90 మీటర్లు కూడా పట్టొచ్చు. బ్రేకు మీదకు కాలు వెళ్లేలోపు దొర్లిపోయే దూరం ఇందులో కలపలేదు. బరువైన బండి మంచును గట్టిగా పట్టుకుంటుందన్నది ఉత్త మాట. పట్టుతో పాటు ఆపాల్సిన బరువూ పెరుగుతుంది కాబట్టి చివరికి లాభమేమీ మిగలదు.

అందుకని ముందు వంగి టైరు పక్క భాగం చదవండి. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు బొమ్మ ఉంటే అది చలికాలానికి పరీక్ష పెట్టి పాసైన టైరు. 'ఎం ప్లస్ ఎస్' అని మాత్రమే ఉంటే ఆల్ సీజన్. చట్టం ఒప్పుకుంటుంది గానీ గట్టి మంచులో అంతంతమాత్రం. రెండూ లేకపోతే మీ బండికి సమ్మర్ పర్ఫార్మెన్స్ టైర్లు వేసినట్టు. 21, 22 అంగుళాల చక్రాలున్న స్పోర్ట్ ప్యాకేజీ బండ్లకు ఇవి తరచుగా వస్తాయి. 7 డిగ్రీల సెల్సియస్ దిగితే ఆ రబ్బరు బిగుసుకుపోతుంది. గట్టి చలిలో నడిపితే టైరు పై పొర పగుళ్లు కూడా ఇస్తుంది. వాటితో టాహో వెళ్లకండి. చైన్ వేసుకుందాం లెమ్మనుకున్నా కుదరదు. మీ 21 అంగుళాల సెట్‌లో వెనక టైరు సాధారణంగా 315/35 సైజు, అంటే 315 మిల్లీమీటర్ల వెడల్పు. అంత వెడల్పు టైరుకూ సస్పెన్షన్‌కూ మధ్య చైన్ పట్టే చోటుండదు. ఏ సైజుకు చైన్ వేయొచ్చో ఓనర్స్ మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది, చూడండి.

ఏటా రెండు మూడుసార్లు కొండెక్కేవాళ్లు 265/50 ఆర్ 19 వింటర్ టైర్లు నాలుగు, వాటికి సరిపడా చక్రాలు విడిగా కొనిపెట్టుకోవడం మేలు. నాలుగూ ఒకే సైజు. టైరు పక్కగోడ ఎత్తుగా ఉంటుంది కాబట్టి గుంటలకు చక్రం వంగదు, చైన్‌కూ చోటు దొరుకుతుంది. ఎక్స్5 ఎం లాంటి పెద్ద బ్రేకుల బండ్లకు 19 అంగుళాల చక్రం బ్రేకుకు తగిలే ప్రమాదం ఉంది, అడిగి కొనండి. రెండు వింటర్ టైర్లు, రెండు పాతవి కలిపి మాత్రం వేయకండి. మలుపులో ఒక కొస పట్టుకుని ఇంకో కొస జారిందంటే బండి గిర్రున తిరుగుతుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఇంత బండి కొని టైర్ల దగ్గర లెక్క చూసుకునేవాళ్లు తక్కువేం లేరు.

ఇక చట్టం. కాలిఫోర్నియాలో ఐ-80, యూఎస్-50 హైవేల మీద మంచు పడితే మూడు రకాల బోర్డులు పెడతారు. ఆర్-1 ఉంటే ఆల్ వీల్ డ్రైవ్ కాని బండ్లకు చైన్లో స్నో టైర్లో తప్పనిసరి. ఆర్-2లో ఆల్ వీల్ డ్రైవ్ ఉండి, నాలుగు చక్రాలకూ స్నో ట్రెడ్ టైర్లు ఉంటేనే చైన్ లేకుండా వదులుతారు. స్నో ట్రెడ్ అంటే కనీసం 'ఎం ప్లస్ ఎస్' గుర్తు, అంగుళంలో 32వ వంతులు 6 లోతు గాడి. ఆర్-3లో ఏ మినహాయింపూ లేదు, అందరూ చైన్ వేయాల్సిందే. చాలాసార్లు ఆర్-3 దాకా రాకుండానే రోడ్డు మూసేస్తారు. మీకు చెప్పినవాళ్లు వదిలేసిన ముక్క ఇదీ: ఈ బోర్డులు పెట్టిన చోట, అంటే చైన్ కంట్రోల్ పరిధిలో, ఆల్ వీల్ డ్రైవ్ బండి కూడా చైన్లు వెంట పెట్టుకుని ఉండాలి. వేసుకోకపోయినా డిక్కీలో ఉండాలి. ఆ పరిధిలో వేగం 25 లేదా 30 మైళ్లు, బోర్డు మీద ఎంతుంటే అంతే.

టైరు గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాం. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడితే గాలి ఇంచుమించు 1 పీఎస్‌ఐ (గేజ్ మీద ఒత్తిడి కొలత) తగ్గుతుంది. ఫ్రీమాంట్‌లో 60 డిగ్రీల దగ్గర నింపి, టాహో దగ్గరి ట్రకీలో తెల్లారి 15 డిగ్రీలకు లేస్తే 4, 5 పీఎస్‌ఐ పోయినట్టే. కానీ అక్కడ దాదాపు 5,800 అడుగుల ఎత్తు. బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గేజ్ ఒక 3 పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. పైన చల్లటి టైరుకు, డోరు పక్క స్టిక్కర్ మీదున్న అంకె దాకా నింపుకోండి. కిందికొచ్చాక మళ్లీ చూసుకోండి. పట్టు దొరుకుతుందని గాలి తీసేసే అలవాటు ఇసుకలో నడిపేవాళ్లది, హైవే మంచుకు పనికిరాదు.

ప్రశ్న: ఆడీ క్యూ7కి కేబుల్ చైన్లు కొన్నాం, ఇంకా పెట్టె విప్పలేదు. ఏ చక్రాలకు వేయాలి? ఎలా వేయాలి? (శాన్ రామోన్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆడీ క్వాట్రోకి (వాళ్ల ఆల్ వీల్ డ్రైవ్ పేరు) ముందు చక్రాలకు. వోల్వో ఎక్స్‌సీ90కీ ముందే. బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్‌కి, టెస్లాకి వెనక చక్రాలకు. ఆల్ వీల్ డ్రైవ్ కదా, ఎక్కడేసినా ఒకటే అనుకోకండి. తప్పు చక్రానికి వేస్తే తీగ తెగి బ్రేకు పైపునో ఏబీఎస్ వైరునో కోసేస్తుంది. పెట్టె మీద 'క్లాస్ ఎస్' అని ఉందో లేదో చూడండి. చక్రం చుట్టూ ఇరుకుగా ఉండే బండ్ల కోసం చేసినవి అవి.

పెట్టె ఈ వారమే ఇంటి ముందు విప్పండి. మొదటిసారికి అరగంట పడుతుంది. మూడోసారికి ఒక్కో చక్రం ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. కొండ మీద చీకట్లో, ఊడ్చేసే గాలిలో నేర్చుకునే విద్య కాదిది. చైన్‌ను నేల మీద పరిచి మెలికలు తీయండి. కొక్కేల మొనలు బయటికి ఉండాలి, టైరు వైపు ఉంటే రబ్బరును గీరేస్తాయి. లోపలి తీగను టైరు వెనకగా నేల మీదుగా తోసి, రెండు కొసలూ పైకి లాగి, టైరు తల మీద రంగు కొస రంగు కొసతో కలిపి, ఆ కలిపిన చోటును టైరు వెనక్కి జార్చండి. అందరూ తడబడేది ఇక్కడే. లోపలి తీగ టైరు వెనక సమంగా కూర్చోకుండా ఒకవైపు వేలాడుతుంటే బయట ఎంత బిగించినా పది గజాల్లో జారిపోతుంది. చెయ్యి పెట్టి తడిమి చూసుకోండి. తర్వాత బయటి కొక్కెం తగిలించి, బిగించే గొలుసును ఒక్కో రాట్చెట్ (వెనక్కి జారనివ్వని పళ్ల బిగింపు) లోంచి లాగి, చివరికి రబ్బరు పట్టీ వేయండి. 50 గజాలు నెమ్మదిగా నడిపి, దిగి, మళ్లీ బిగించండి. ఈ రెండోసారి బిగింపు మానేసిన చైనే తర్వాత ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌ను ముక్కలు చేస్తుంది. టకటక శబ్దం వినపడితే వెంటనే ఆపి చూడండి.

మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత యోగా మ్యాట్, తలకు కట్టుకునే లైటు, రబ్బరు పూత చేతి తొడుగులు చైన్ల సంచిలోనే పెట్టేయండి. మీవల్ల కాకపోతే చైన్ కంట్రోల్ దగ్గర డబ్బు తీసుకుని వేసిపెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లకు పర్మిట్, బ్యాడ్జ్ నంబర్ ఉంటాయి, ఆ నంబర్ రాసుకోండి. చైన్లు అమ్మడానికి, అద్దెకివ్వడానికి మాత్రం వాళ్లకు అనుమతి లేదు. సరైన సైజు మీ దగ్గరే ఉండాలి.

ప్రశ్న: డాలస్ నుంచి డెన్వర్‌కి విమానంలో వెళ్లి, అక్కడ లగ్జరీ ఎస్‌యూవీ అద్దెకు తీసుకుని బ్రెకెన్‌రిడ్జ్ వెళ్లాలని ప్లాన్. అత్తయ్యగారు, మావయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. ఇద్దరికీ అరవై ఐదు దాటాయి. ఏం చూసుకోవాలి? (ఫ్రిస్కో నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: 'లగ్జరీ ఎస్‌యూవీ' అన్నది అద్దె కంపెనీకి ధర తరగతి మాత్రమే. ఎస్కలేడ్, నావిగేటర్ లాంటివి వెనక చక్రాల డ్రైవ్‌తో కూడా వస్తాయి. కౌంటర్ దగ్గర మాటలతో సరిపెట్టుకోకుండా, తాళం తీసుకునే ముందు డ్రైవ్ మోడ్ స్విచ్, వెనక బ్యాడ్జ్, టైరు గుర్తు చూడండి. కొలరాడోలో ఐ-70 మీద మోరిసన్ నుంచి డాట్‌సెరో వరకు సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా ట్రాక్షన్ చట్టం, అంటే మంచులో పట్టు కోసం టైర్లు, చైన్ల నిబంధన, నడుస్తుంది. బండి ఆల్ వీల్ డ్రైవ్ అయినా టైరు గాడి అంగుళంలో 16వ వంతులు 3 లోతు ఉండాలి. కొలిచే గేజ్ నాలుగైదు డాలర్లకు దొరుకుతుంది, జేబులో పెట్టుకెళ్లండి. పట్టుబడితే జరిమానా 130 డాలర్ల పైన. మీ బండి అడ్డం తిరిగి దారి ఆగిపోతే 650 దాటుతుంది. అద్దె ఒప్పందాలు చాలావాటిలో చైన్లు వేయకూడదని రాసి ఉంటుంది, ఆ కాగితం చదవండి. టైరుకు తొడిగే గుడ్డ సాక్సులను కొలరాడో చట్టం ఒప్పుకుంటుంది.

శనివారం ఉదయం పడమటికి, ఆదివారం మధ్యాహ్నం తూర్పుకి ఐ-70 కదలదు. శనివారమే వెళ్లక తప్పదంటే డెన్వర్‌లో ఐదున్నరకల్లా బయల్దేరండి. ఐసెన్‌హోవర్ సొరంగం దాటగానే డిలన్ వైపు వాలు గట్టిగా ఉంటుంది. బ్రేకు మీద కాలు వేసి ఉంచకుండా గేరు తగ్గించి దిగండి. మంచులో క్రూయిజ్ కంట్రోల్ అసలు వేయకండి.

బండి కన్నా ముందు పెద్దవాళ్ల సంగతి చూడాలి. డెన్వర్ 5,280 అడుగులు, బ్రెకెన్‌రిడ్జ్ ఊరు 9,600, మధ్యలో సొరంగం 11,158. డాలస్ నుంచి ఒక్కరోజులో అంత ఎత్తుకు తీసుకెళ్తే తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మామూలే. మొదటి రాత్రి డెన్వర్‌లో పడుకోండి. గుండె, ఊపిరితిత్తుల మందులు వాడుతుంటే డాక్టర్‌ని ముందే అడగండి. తలనొప్పితో పాటు వాంతులు, తడబడే నడక, కూర్చున్నా ఆయాసం కనిపిస్తే తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. అప్పుడే కిందికి దింపి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మాది టెస్లా మోడల్ ఎక్స్. శాన్ హోసే నుంచి ట్రకీకి సుమారు 220 మైళ్లు. రేంజ్ మూడు వందలకు పైగా చూపిస్తోంది. మధ్యలో చార్జింగ్ లేకుండా వెళ్లిపోవచ్చా? (శాన్ హోసే నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దు, లెక్క చూడండి. మనుషులు, సామాను కలిపి బండి 2,800 కిలోలు అనుకుందాం. దారిలో దాటాల్సిన కొండ కనుమ డానర్ సమ్మిట్ 7,200 అడుగుల పైన, అంటే దాదాపు 2,200 మీటర్లు. ఆ బరువును అంత ఎత్తుకు లేపడానికే 17 కిలోవాట్ అవర్లు కావాలి. మోటారు నష్టాలు కలిపితే 19. వింటర్ టైర్లు, హీటర్, తడి రోడ్డుతో మైలుకు 0.4 కిలోవాట్ అవర్ల చొప్పున 220 మైళ్లకు 88. మొత్తం వంద దాటింది. మీ బ్యాటరీలో అంత లేదు. దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది నిజమే గానీ, అది చాలావరకు ఇంటికొచ్చే దారిలో.

ఆబర్న్‌లో ఆగి 85, 90 శాతం నింపుకోండి. అక్కడి నుంచి ట్రకీకి 65 మైళ్లు, ఎక్కడానికి మొత్తం 40 చిల్లర కిలోవాట్ అవర్లు ఖర్చవుతాయి. మిగిలింది రోడ్డు మూసేస్తే బతకడానికి. హీటర్‌కు 2 కిలోవాట్లు అనుకున్నా, 40 మిగిలి ఉంటే 20 గంటలు వెచ్చగా కూర్చోవచ్చు. 2024 మార్చి మొదటి వారాంతంలో మంచు తుపానుకు ఐ-80 కొండ మీద మూతపడిన సంగతి గుర్తుంచుకోండి. చార్జర్‌ను నావిగేషన్‌లో పెట్టే వెళ్లండి, అప్పుడే దారిలో బ్యాటరీ వేడెక్కుతుంది. లేకపోతే చల్లటి బ్యాటరీ చార్జింగ్‌ను నత్తనడకన తీసుకుంటుంది. ఉదయం చల్లటి బ్యాటరీతో బయల్దేరితే రీజెన్ బ్రేకింగ్ తగ్గిపోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆగుతుందిలే అన్న అలవాటు ఆ మొదటి అరగంట మర్చిపోండి.

పెట్రోలు బండివాళ్లకూ ఒక మాట. సగం ట్యాంకు కంటే దిగనివ్వకండి. చిక్కుకుపోతే ముందు వెనక పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వి తీయండి, ఆ తర్వాతే ఇంజిన్. గంటకు పది నిమిషాలు చాలు, ఒక అద్దం కాస్త దించి ఉంచండి. మూసుకుపోయిన గొట్టంతో లోపలికి చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఇంకొకటి: హైవే మూసినప్పుడు మ్యాప్ యాప్ ఏ హెన్నెస్ పాస్ రోడ్డో దగ్గరదారి అని చూపిస్తుంది. చలికాలంలో అక్కడ మంచు తీసేవాళ్లుండరు. కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ నడిపే క్విక్‌మ్యాప్‌లో ఉన్నదే నమ్మండి.

ప్రశ్న: రాత్రి రిసార్ట్‌లో రేంజ్ రోవర్ బయట పెడితే ఉదయానికి తలుపు పిడులు లోపలే గడ్డకట్టాయి, అద్దం కడిగే నీళ్లు రాలేదు, స్క్రీన్ నిండా హెచ్చరికలు. బండి పాడైందా? (బెల్‌వ్యూ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పాడవలేదు. పిడి చుట్టూ పిడికిలితో మెల్లగా తట్టి, అరచేత్తో ముందు కొస నొక్కండి, మంచు పగులుతుంది. వేడినీళ్లు పోయకండి, అద్దం పగలొచ్చు. పైగా ఆ నీళ్లు మళ్లీ గడ్డకడతాయి. ముందురోజే యాప్‌లో బండిని వేడెక్కించే టైము పెట్టుకుంటే ఈ తంటా ఉండదు. వాషర్ నీలి ద్రవం చాలాచోట్ల ఎండాకాలం సరుకు. పాతది పిచికారీ చేసి ఖాళీ చేసి, మైనస్ 20 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టనిది నింపి, గొట్టాల్లోకి వచ్చేదాకా ఒకసారి కొట్టండి. హెచ్చరికలన్నీ రాడార్, కెమెరా మీద మంచు వల్ల. మెత్తటి బ్రష్షుతో తుడవండి, గీకే పలక వాటికి తగలనివ్వద్దు. వైపర్లు పైకి లేపి ఉంచాలంటే ముందు మెనూలో సర్వీస్ పొజిషన్‌లో పెట్టండి. బానెట్ కింద దాక్కునే వైపర్లను ఊరికే లాగితే పెయింటు లేచిపోతుంది.

ప్రశ్న: స్కీలు లోపల పెట్టాలా, పైన పెట్టాలా? మూడేళ్ల పాప కారు సీటులో చలికి ఏడుస్తుంది, జాకెట్ మీదే బెల్టు బిగించేస్తున్నాం. (ఫోల్సమ్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెండోదే ముందు. ఉబ్బు జాకెట్ మీద బెల్టు వేయకండి. గుద్దుకున్నప్పుడు లోపలి దూది ఒక్కసారిగా అణిగి బెల్టు వదులైపోతుంది, పాప అందులోంచి జారిపోవచ్చు. జాకెట్ విప్పి, బెల్టు బిగించి, భుజం దగ్గర పట్టీ మడత వేళ్లకు దొరక్కుండా చూసి, అప్పుడు జాకెట్‌ను వెనక్కి తిప్పి చేతులకు తొడగండి, లేదా దుప్పటి కప్పండి.

పైకప్పు మోసే బరువు మాన్యువల్‌లో ఉంటుంది. చాలా లగ్జరీ ఎస్‌యూవీలకు 75 నుంచి 100 కిలోలు, అందులో ర్యాక్, పెట్టె బరువు కూడా కలిసే. స్కీలు పైన పెట్టినా బూట్లు మాత్రం కాళ్ల దగ్గరే ఉంచండి. రాత్రంతా చల్లబడ్డ ప్లాస్టిక్ బూటు రాయిలా బిగుస్తుంది, పిల్లల కాలు అందులో దూరదు. తిరుగు దారిలో తడి బూట్లు, తొడుగులు ట్రేలో పెట్టి, అంచులున్న రబ్బరు మ్యాట్లు వేయండి. కార్పెట్ తడిస్తే రాత్రంతా అద్దాలకు ఆవిరే. గాలి లోపలే తిరిగే బటన్ ఆపేసి, హీటర్‌తో పాటు ఏసీ వేయండి, తేమను లాగేది అదే. దారి మూసుకుపోతే తినడానికి చపాతీ చుట్టలు, పులిహోర పనికొస్తాయి. సాంబారు డబ్బా మాత్రం ఇంట్లోనే ఉంచండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి మా డీజిల్ మెర్సిడెస్ జీఎల్ఈలో జనవరిలో గుల్‌మార్గ్ వెళ్లి పిల్లలకు స్కీయింగ్ నేర్పించాలని ఉంది. (కొండాపూర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: శ్రీనగర్‌కు విమానంలో వెళ్లండి. దాదాపు 2,400 కిలోమీటర్లు నడిపి వెళ్లినా చివరి 13 కిలోమీటర్ల దగ్గర ఆగిపోవచ్చు. మంచు పడ్డప్పుడు టాంగ్‌మార్గ్ నుంచి పైకి ఫోర్ బై ఫోర్ బండ్లనో చైన్లు వేసినవాటినో మాత్రమే వదులుతారు. మీ బండికి నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నా, మన దగ్గర ఈ బండ్లకు వచ్చే టైర్లు ఎండల దేశానికి సరిపోయేవి, మీ సైజులో వింటర్ టైర్లు, చైన్లు దొరకబుచ్చుకోవడం పెద్ద పని. జమ్మూ-శ్రీనగర్ దారిలో బనిహాల్-ఖాజీగుండ్ మధ్య 8.5 కిలోమీటర్ల సొరంగం వచ్చాక కొండ దాటడం సులువైంది గానీ, రాంబన్ దగ్గర వానకు, మంచుకు కొండచరియలు విరిగి రోడ్డు మూతపడుతూనే ఉంటుంది. డీజిల్ సంగతి మరొకటి. మైదానంలో నింపిన డీజిల్‌లోని మైనం గట్టి చలికి పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుంది. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ తెచ్చింది ఇందుకే. డీజిల్ పొగను శుభ్రం చేసే ద్రవం యాడ్‌బ్లూ మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. దాని ట్యాంకుకు హీటర్ ఉంటుంది కాబట్టి దాని గురించి బెంగపడక్కర్లేదు.

శ్రీనగర్ నుంచి టాంగ్‌మార్గ్ దాకా ట్యాక్సీ, అక్కడి నుంచి చైన్లు వేసిన స్థానిక బండి మాట్లాడుకోండి. డిసెంబరు 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్, చలి ముదిరే కాలం. జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి దాకా మంచు సాధారణంగా బాగుంటుంది. పిల్లల్ని మొదటి మూడు రోజులు గొండోలా (కొండపైకి వెళ్లే కేబుల్ కారు) ఎక్కించకుండా, కింద మైదానంలోని చిన్న వాలుల మీదే నేర్పించండి. కోట్లు, రబ్బరు బూట్లు టాంగ్‌మార్గ్‌లో అద్దెకిస్తారు. పిల్లల సైజులు తొందరగా అయిపోతాయి కాబట్టి వాళ్ల తొడుగులు, ఉన్ని సాక్సులు, నల్లకళ్లద్దాలు ఇంటినుంచే తీసుకెళ్లండి.